మనాదికి మందు గలదు

దసరానాడు హుజూరాబాదు వీధులలో జరుగు మర్యాద మన పాఠకులకు క్రొత్తది కాదు. జమ్మిచెట్టు పూజ ముగిసిన పిదప పిన్నలు ఆకును చేతబట్టుకొని వాడవాడ తిరిగి, పెద్దల చేతిలో ఆ 'బంగారము' నుంచి, పాదములకు మ్రొక్కి దీవెనలు పొందుదురు. హైదరాబాదునుండియు, బొంబాయినుండియు, గల్ఫు దేశములనుండియు వచ్చిన కొడుకులతో, కోడండ్రతో, మనుమలతో ఇండ్లు నిండియుండును. మూడునాళ్లు గడచును. బస్సులు బయలుదేరును. మంచము పట్టియున్న తల్లియో తండ్రియో తలగడక్రింద ఎండిన జమ్మియాకుతో మిగిలిపోవును. ఆ మనసెట్లున్నదని మరల దసరావరకు అడుగువారు లేరు.

ఇది అతిశయోక్తియని కొందరు ఆక్షేపింపవచ్చును. అడుగువారు లేకేమి? బీపీ యెంత యున్నదని యడుగుదురు. షుగరు మాత్ర వేసికొంటివా యని ఫోనులో నడుగుదురు. పక్షవాతముతో కాలుసేయి పడిపోయిన తండ్రికొరకు ఫిజియోథెరపి చేయువానిని ఇంటికే పిలిపించు కొడుకులు కలరు. పడకనున్న అత్తకు రాత్రింబగళ్లు సేవచేయు కోడండ్రు ప్రతి వీధియందును కలరు. వారి సేవను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. మేము చెప్పదలచిన దొక్కటియే. ఇంటనే యుండి వైద్యసేవ పొందుచున్న వృద్ధుని దేహములో సర్వమును కొలువబడుచున్నది. మనస్సు మాత్రము కొలువబడుట లేదు. ఆ కొలువబడని చోటనే యొక వ్యాధి నిశ్శబ్దముగా కూర్చున్నది.

ఆ వ్యాధికి పేరు వెదకుటకై మనము పరభాషలకు పోవలసిన పనిలేదు. మన తెలంగాణపు పల్లెలలో 'రంది' యను మాట కలదు, 'మనాది' యను మాట కలదు. రంది యనగా వచ్చిపోవు చింత. మనాది యనగా మనిషిని పట్టుకొని విడువని జబ్బు. "ఆమెకు మనాది పట్టుకున్నది" అని మన అవ్వలు చెప్పుకొనునప్పుడు వారు ఆమె గుణమును గూర్చి మాటలాడుట లేదు, ఆమె రోగమును గూర్చి మాటలాడుచున్నారు. నేటి వైద్యులు డిప్రెషను అనియు, కుంగుబాటు అనియు చెప్పు వ్యాధి ఇంచుమించుగా నిదియే. నిరక్షరాస్యులైన మన పూర్వులు దీనిని రోగమని గుర్తించి పేరు పెట్టిరి. చదువుకొన్న మనము "ముసలితనము గదా, అట్లే యుండును" అని కొట్టివేయుచున్నాము! ఈ యొక్క వాక్యము మన యిండ్లలో చేయుచున్న హాని యింతంత కాదు.

లెక్కలు చూతము. 2017-18 సంవత్సరములలో మన దేశమున 'లాసీ' యను పేర నొక మహాపరిశీలన జరిగినది. నలువదియైదేండ్లు నిండినవారిని 72,000 మందికి పైగా కలిసి ప్రశ్నించిరి. అరువదేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 8 మందియందు తీవ్రమైన కుంగుబాటు లక్షణములు కానవచ్చినవి. కాని తమకీ జబ్బున్నట్లు వైద్యులు చెప్పిరని తెలిపినవారు నూటికి ఒక్కరైనను లేరు. అనగా రోగులలో ఇంచుమించు పదింట తొమ్మండుగురు తమ రోగము పేరైన నెరుగకయే కాలము గడుపుచున్నారన్నమాట. 2011 జనాభా లెక్కలనాటికే దేశమున అరువదేండ్లు దాటినవారు పది కోట్లకు మించియుండిరి. ఆ పాళ్లను ఈ సంఖ్యకు అన్వయించి చూచినచో ఎనుబది లక్షలమందికి పైగా తేలుదురు. ఒక జాతిలో ఎనుబది లక్షలమంది పెద్దలు చీకటిలో కూర్చున్నారనిన అది వారివారి యింటి ముచ్చటగా నుండునా?

ఇల్లు కదలలేక సేవ పొందుచున్నవారి సంగతి యింకను గమనింపదగినది. 2002లో అమెరికా వైద్యులు ప్రకటించిన యొక పరిశోధన కలదు. న్యూయార్కు ప్రాంతమున నర్సులు ఇంటికి వచ్చి సేవచేయుచున్న 539 మంది వృద్ధులను వారు పరీక్షించిరి. వారిలో నూటికి పదుమువ్వురికి పైగా తీవ్రమైన కుంగుబాటుతో నుండిరి. ఆ రోగులలో నూటికి డెబ్బదిమందికి ఈ వ్యాధి జీవితమున మొదటిసారి వచ్చినది. అందుకు మందు పుచ్చుకొనుచున్నవారు నూటికి ఇరువదిరెండుగురు మాత్రమే. గాయము కట్టుటకును రక్తపోటు చూచుటకును శిక్షణ పొందిన నర్సు గడపలోనికి వచ్చు దేశముననే రోగము ఇట్లు దాగియుండగా, సేవ యంతయు ఇంటి ఆడువారి చేతులమీదనే నడచు మన యూళ్లలో అది యెంత దాగియుండునో పాఠకులే యూహింపవచ్చును.

ఇది యెందుకు దాగును? మన పెద్దలు "నాకు దుఃఖముగా నున్నది" అని చెప్పరు. చెప్పుట వారికి అలవాటు లేదు. చెప్పిన వినువారును లేరు. వారు చెప్పునది వేరు. "ఆకలైతలేదు బిడ్డా." "తెల్లవార్లు నిద్ర పడతలేదు." "పెయ్యంత గుంజుతున్నది." "ఇంకెన్నొద్దులు బతకాలె?" మొదటి మూడింటికి మనము మాత్ర తెత్తుము. నాల్గవదానిని విని నవ్వి, "నూరేండ్లు బతుకుతవు తియ్యి" అందుము. నిజమునకు ఈ నాలుగు మాటలును ఒకే రోగము పలుకుచున్న నాలుగు పలుకులు కావచ్చును. ప్రతిదినము చేయు పూజ మానివేయుట, మనుమడు వచ్చినను కన్నెత్తి చూడకుండుట, మందులు వలదని ముఖము త్రిప్పుకొనుట, స్నానమునకు లేవకుండుట, చూచినవారికి మతిమరుపేమో యని భ్రమ కలుగునట్లు మందగించుట, ఇవన్నియు ఆ రోగపు గుర్తులే కావచ్చును. ఇట్టివి రెండువారములకు పైబడి నిలిచినచో అది ముదిమి స్వభావమని ఊరకుండరాదు.

కారణములు పెక్కు. కొన్ని దేహమునకు సంబంధించినవి. పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించు మూడవవంతు మందికి పిదప కుంగుబాటు కలుగునని వైద్యులెరిగిన విషయమే. థైరాయిడు లోపము, బి-12 లోపము, కొన్ని మందుల గుణము గూడ ఇట్టి లక్షణములను తేగలవు. వినికిడి తగ్గినవానికి నిండుసభయు ఏకాంతమే. కన్ను మసకబారినవానికి పగలును సగము రాత్రియే. కొన్ని కారణములు బ్రదుకునకు సంబంధించినవి. హుజూరాబాదు, జమ్మికుంట ప్రాంతములు వరివిత్తన సేద్యమునకు పేరుపడినవి. ఏ మడికి ఎప్పుడు నీరు కట్టవలెనో, ఏ గొలుసు ఎట్లు పాలు పోసికొనుచున్నదో కంటితో చూచి చెప్పగలిగిన రైతు, నడుము విరిగి మంచమున పడిన దినమునుండి ఎవరికిని సలహా చెప్పవలసిన పని లేనివాడగుచున్నాడు. పాసుపుస్తకము కొడుకు పేర మారినది. పింఛను సొమ్ము మరియొకరు తెచ్చెదరు. బజారుకు పోవునది మరియొకరు. అన్నము వేళకు వచ్చును, నిజమే, కాని "ఏమి చేయుదము?" అని యడుగు మాట రాదు. మనిషికి అన్నము తక్కువైనచో దేహము చిక్కును. అక్కర తక్కువైనచో మనస్సు చిక్కును.

ఇచట నొక వాదము వినవచ్చుచున్నది. "మన ఉమ్మడి కుటుంబములలో ఈ జబ్బులు లేవు, ఇవి పరదేశమునుండి వచ్చినవి" అని కొందరు పెద్దమనుష్యులు సెలవిచ్చుచున్నారు. జాత్యభిమానము మంచిదే. కాని అభిమానము కండ్లకు గంతగా మారరాదు. ఉమ్మడి కుటుంబములలో మనాది లేనిచో ఆ మాట మన భాషలో నెట్లు పుట్టినది? పదిమంది తిరుగు ఇంటిలో గూడ ఒక మూల మంచమున పడియున్న విధవరాలికి మనాది పట్టవచ్చును. తోడు రోగమును కొంత ఆపగలదు. పట్టిన రోగమును తోడు ఒక్కటియే నయము చేయజాలదు. కావున పిల్లలు దూరదేశముల కేగుటయే సర్వదోషమునకు మూలమని వారిని తిట్టిపోయుటవలన ప్రయోజనము లేదు. వారు పంపు సొమ్ముతోనే ఎందరి మందులో కొనబడుచున్నవి. దూషణ వలదు, చికిత్స కావలెను.

చికిత్స కలదా? కలదు. మాటలతో చేయునది యొకటి, మందులతో చేయునది మరియొకటి. అనేకులకు రెండును గలిపి చేయవలసివచ్చును. ఈ విషయమున మన దేశముననే జరిగిన యొక ప్రయోగమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. గోవాలో అరువదేండ్లు దాటి, కుంగుబాటు తొలిగుర్తులు మాత్రమే కనబడుచున్న 181 మందిని తీసికొని, సగముమందియొద్దకు ప్రత్యేక శిక్షణ పొందిన సామాన్య సలహాదారులను పంపిరి. వారు వైద్యులు కారు, మనస్తత్త్వశాస్త్ర పండితులును కారు. చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుకొను మార్గమును, నిద్రను చక్కబెట్టుకొను పద్ధతిని, తమ దేహవ్యాధులను చూచుకొను తెలివిని ఆ పెద్దలకు నేర్పిరి. ఏడాదిలోపల మామూలు వైద్యముతోనే యుండిన వర్గమున నూటికి 14 మందికి పూర్తి వ్యాధి వచ్చినది. సలహాదారులు పోయిన వర్గమున నూటికి నలుగురికి మాత్రమే వచ్చినది. ఈ ఫలితములు 2019లో ప్రకటింపబడినవి. పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే. అయినను అది చూపిన దారి పెద్దది. రోగము ముదురకముందే ఆపుటకు గొప్ప ఆస్పత్రులే అక్కరలేదు. నేర్పు గలిగి గడప త్రొక్కు మనిషి చాలును.

అట్టి మనిషి మన వాడలలో నిప్పటికే యున్నది. ఆమెయే ఆశా కార్యకర్త. ముప్పదియేండ్లు దాటినవారి ఆరోగ్యమును గూర్చి ఆమె ఇంటింట పూరించు ప్రభుత్వ పత్రములో మనస్సును గూర్చిన రెండు ప్రశ్నలు చేర్చబడినవి. గడచిన రెండువారములలో పనులయందు ఆసక్తిగాని సంతోషముగాని లేక యెన్నిదినములు గడచినవి? మనస్సు క్రుంగి, ఆశ తొలగి యెన్నిదినములుంటిరి? ఇంతియే. జవాబులకు గుర్తులు వేసి, ఆరింట మూడింటికి మించి వచ్చినవారిని వైద్యునియొద్దకు పంపవలెనని నియమము. ఈ రెండు ప్రశ్నలకు రెండు నిమిషములు చాలును. కాని ఇంటివారందరు చుట్టును నిలిచియుండగా నడిగిన ప్రశ్నకు ఏ ముసలమ్మ నిజము చెప్పును? కోడలిముందు అత్తయు, అత్తముందు కోడలును నోరు విప్పరు. కావున అట్టి సమయమున ఇంటివారు కొంచెము తొలగి, ఆ పెద్దను ఆశా కార్యకర్తతో ఒంటరిగా మాటలాడనీయవలెను. పత్రము పూరించుట కార్యము కాదు, మనిషిని వినుట కార్యమని అధికారులును ఆమెకు చెప్పవలెను. ఒక్కొక్కతె మోయు పనిబరువు మేమెరుగనిది కాదు. కావుననే మంచముపట్టిన వృద్ధులున్న యిండ్లను ముందుగా నెంచి ఆ పట్టికను ఆమె చేతికిచ్చుట పురపాలక సంఘముల కర్తవ్యము.

వైద్యుల యొద్దకు పోవువారికి మూడు హెచ్చరికలు. మొదటిది: నిద్రపట్టలేదనగానే నిద్రమాత్ర కొనిపెట్టుట వైద్యము కాదు. ముసలివారు ఆ మత్తులో తూలిపడి తుంటి విరుగగొట్టుకొను ప్రమాదము కలదు. రెండవది: కుంగుబాటు మందులు గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును. పదిదినములలో మార్పు లేదని మానివేయువారును, కొంచెము తేరుకొనగానే మానివేయువారును మరల మొదటికే వత్తురు. మూడవది: ఎర్రగడ్డ పేరు చెప్పి పరిహసించుట మానవలెను. హైదరాబాదులోని ఆ మానసిక చికిత్సాలయము ఎందరికో మేలుచేసినది. "ఎర్రగడ్డకు పంపవలె" అను మన వీధిమాట మాత్రము ఎందరినో చికిత్సకు పోకుండ నాపినది. మనోవ్యాధికి ప్రభుత్వ వైద్యము పొందుట ప్రజల హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము మన నాలుకలమీద నింకను అమలు కాలేదు.

ఇంకొక మాట మనసు గట్టిచేసికొని చెప్పవలసియున్నది. చావవలెనని పెద్దలు అనుచున్నప్పుడు దానిని ముసలిగొణుగుడని త్రోసివేయరాదు. "అట్టి తలంపు వచ్చుచున్నదా?" అని మెల్లగా నడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, పైగా చెప్పుకొనుటకు దారి దొరకును. సేద్యపుటిండ్లలో పురుగులమందులు మంచముక్రిందను, అటుకమీదను పెట్టుట మన యలవాటు. వానిని ఇంటికి వెలుపల, తాళము వేసిన పెట్టెలో నుంచవలెను. ఒక్క తాళము ఒక్క ప్రాణమును నిలుపవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ అను ప్రభుత్వ ఫోను సేవకు 14416 అను సంఖ్య కలదు. పంచాంగము వ్రేలాడు మేకుప్రక్కనే ఆ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసియుంచుడు.

సేవచేయువారిని మరచుట మరియొక అన్యాయము. పడకనున్న పెద్ద యొక్కరైనచో ఆ యింటిలో నిద్రలేనివారు ఇద్దరు. రెండవ యామె కోడలో, కూతురో, తానును వృద్ధురాలైన భార్యయో. ఆమెకు సెలవు లేదు, కూలి లేదు, మెప్పును లేదు. ఆమె విసుగును చూచి లోకము నిందించును గాని, ఆమె అలసటను చూచి ఒక్కపూట తాను కూర్చుండదు. ఇంటి మగవారు వారమునకు ఒక్క దినమైనను ఆ మంచముప్రక్క తామే కూర్చుండి ఆమెను విడుదల చేయవలెను. సేవచేయు చేయి కూలినచో సేవయు కూలును. మనాది ఒక మంచమునుండి రెండవ మంచమునకు ప్రాకును.

హుజూరాబాదు ప్రాంతమునకు నొక విశేషము కలదు. 2018లో రైతుబంధు పథకమునకు ఇచటనే ఆరంభోత్సవము జరిగినది. 2021లో దళితబంధునకును ఇచటనే నాంది పలికిరి. రెండు 'బంధు'వులు ఈ గడ్డమీదనే పుట్టిరి. వృద్ధులకు ఆసరా పింఛను 2014లో వేయి రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలైనది. తలిదండ్రులను పోషింపని పిల్లలనుండి భరణమిప్పించుటకు 2007 నాటి చట్టము కలదు. ఆ మొర నాలకించు ట్రిబ్యునలునకు రెవెన్యూ డివిజను అధికారియే అధ్యక్షుడు. ఇవన్నియు కావలసినవే. పిడికెడన్నము లేనివానితో మనస్సును గూర్చి ముచ్చటించుట పరిహాసము. అయినను పింఛను మందు కొనగలదు, మాటను కొనజాలదు. ట్రిబ్యునలు భరణము నిప్పింపగలదు, ప్రక్కన కూర్చుండుమని యాజ్ఞాపింపజాలదు. ఆ బంధుత్వము పట్టణములోని పౌరులు తమంతట తాము చేయవలసినది.

అందుకు గొప్ప సంఘము స్థాపింపనక్కరలేదు, చందాలు పోగుచేయనక్కరలేదు. ఈ పత్రికను చదువుచున్న పఠనమందిరముననే ఆ పని మొదలు పెట్టవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు పుస్తకము లేని చోటికి పుస్తకమును తెచ్చిరి. నేడు మనము పుస్తకము నొద్దకు రాలేనివానియొద్దకు దానిని కొనిపోవలెను. ప్రతి పఠనమందిరమునుండి నలుగురు యువకులు, వారమునకు ఒక్క సాయంకాలము, తమ వాడలో మంచముపట్టిన యొక పెద్ద యింటికి పోవుదురు గాక. పత్రిక చదివి వినిపింతురు గాక. వినిపించుటతో ఊరకుండక, అడుగుదురు గాక. ఆనాటి సేద్యమెట్లుండెను? మానేరు నీరు ఎంతవరకు వచ్చెడిది? విత్తనమెట్లు దాచెడివారు? అడిగినవానికి తెలివి దక్కును. చెప్పినవానికి తాను పనికివత్తునను నమ్మిక దక్కును. ఆ సంభాషణలో మనాది గుర్తులు కనబడినచో ఇంటివారికి చెప్పి, ఆస్పత్రికి తోడుపోవుదురు గాక. ఇది వైద్యమునకు బదులు కాదు. వైద్యమునకు దారి చూపు దీపము.

మన పల్లెలలో రోగము పేరు తెలిసినది, మన దేశములో మందు తెలిసినది. నడుమ తెగియున్న దారి నాలుగడుగులది మాత్రమే. అది మన యింటి వాకిటినుండి పెద్దల మంచమువరకు గల దూరము. రాబోవు దసరాకు పెద్దల చేతిలో జమ్మియాకు నుంచునప్పుడు, పాదములకు మ్రొక్కి లేచిపోక, ఆ మంచముకోడు ప్రక్కనే కూర్చుండి "నీ మనసెట్లున్నదే అవ్వా?" అని యడిగి, జవాబు వచ్చువరకు లేవకుండుడు. దసరావరకు ఆగుట యెందుకు? ఈ సాయంకాలమే యడుగుడు.